టీచరమ్మను అడగండి: డిసెంబరు విజిటింగులు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి సగం ఒకటే సంగతి. క్రిస్మస్ దగ్గరపడుతోంది కదా, చర్చి సంఘాలన్నీ పల్లెలకూ బడులకూ బయల్దేరుతున్నాయి. అందుకని అత్తాకోడళ్ల పంచాయితీలను వచ్చే నెలకు వాయిదా వేసి, వీటికే జవాబులు రాస్తున్నాను. మిషన్ బోర్డింగులో పెరిగినదాన్ని, సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఇప్పటికీ మా స్త్రీల సమాజంతో పల్లెలకు పోయేదాన్ని. పుచ్చుకునే వరసలోనూ నిలబడ్డాను, ఇచ్చే వరసలోనూ నిలబడ్డాను. కాబట్టి కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు.

టీచరమ్మగారికి వందనాలు. మాది టౌను సంఘం. మా యవనస్తులం డిసెంబరులో ఒక పల్లెలో ఇళ్లు దర్శించి, అక్కడి ప్రాథమిక పాఠశాల పిల్లలకు బ్యాగులు, నోటుపుస్తకాలు పంచాలని తీర్మానించాం. ఆ ఊరు మాకు కొత్త. ఇంకా ఏం తీసుకెళ్తే బాగుంటుంది? (యవనస్తుల కార్యదర్శి, ప్రకాశం జిల్లా)

నాయనా, వందనాలు. తీర్మానం అయిపోయిందన్నావు గానీ డబ్బు ఇంకా ఖర్చు కాలేదనే ఆశతో రాస్తున్నాను. బ్యాగులు కొనకండి. మన రాష్ట్రంలో సర్కారు బడి పిల్లలకు పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం గుడ్డ, బూట్లు ప్రభుత్వమే కిట్టుగా ఇస్తోంది. డిసెంబరులో మీరిచ్చే రెండో బ్యాగు ఇంట్లో మేకుకు వేలాడుతుంది, లేదా అందులో ఉల్లిపాయలు పోసుకుంటారు. అదీ ఉపయోగమే అనుకో, కానీ మీరు చందాలు పోగుచేసింది అందుకు కాదుగా.

ముందు ఇద్దరు, అందులో ఒకరు ఆడపిల్ల అయితే మంచిది, ఏమీ పట్టుకోకుండా ఆ ఊరు వెళ్లి రండి. హెడ్మాస్టరును, అంగన్‌వాడీ టీచరును, మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మను కలవండి. ముగ్గురిలోనూ వంటామెకే ఎక్కువ తెలుస్తుంది. సోమవారం పొద్దున ఎవడు ఆకలితో వస్తాడో, ఏ పిల్ల తన గుడ్డు తినకుండా చెల్లెలి కోసం కొంగులో దాస్తుందో ఆమె చూస్తూనే ఉంటుంది.

నా క్లాసులో ఒక పిల్లవాడుండేవాడు. ముందు బెంచీలో కూర్చోబెట్టినా కళ్లు చికిలించి, పక్కవాడి పుస్తకంలోకి చూసి రాసుకునేవాడు. కంటి పరీక్షలో అద్దాలిచ్చారు. పెట్టుకున్న మర్నాడు బడిగోడ ముందు నిలబడి, దానిమీద పెయింటుతో రాసిన సూక్తి మొత్తం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. మూడేళ్లుగా రోజూ ఆ గోడ పక్కనుంచే లోపలికి వస్తున్నాడు. ఆ అద్దాలు ఎండాకాలం సెలవుల్లో విరిగాయి. రెండో జత ఎవరిస్తారు? ఏ పథకంలోనూ నాకు కనపడలేదు. ఇదిగో, టౌను సంఘం చేయదగ్గ పని ఇలాంటిది. పంచడానికి అందంగా ఉండదు, పదిమంది నిలబడి చప్పట్లు కొట్టే సందర్భమూ రాదు. పిల్లవాణ్ని వెంటబెట్టుకుని అద్దాల కొట్టు దాకా పోవాలి, అంతే.

మీ వైపు ఇంకో సంగతి అడిగి తెలుసుకోవాలి. సంక్రాంతి దాటితే చాలా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు వెళ్లిపోతాయి. కొన్ని ఇళ్లకు తాళాలు, కొన్నిటిలో ముసలమ్మ, మనవలు. వెంట తీసుకెళ్లిన పిల్లలు కళ్లాల దగ్గర చిన్నవాళ్లను ఆడిస్తూ కూర్చుంటారు, తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోతాయి. వలస వెళ్లేవారి పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. ఎవరి పిల్లలు వెంట పోతారో డిసెంబరులోనే రాసుకుని, ఆ పేర్లతో హెడ్మాస్టరుగారితో కలిసి మండల విద్యాశాఖాధికారి దగ్గరకు వెళ్లండి. చందా డబ్బు కంటే టౌనువాళ్ల నోరు ఎక్కువ పనికొచ్చే చోటు ఆఫీసు.

ఇక ఇళ్ల దర్శనం. ఉదయం పదకొండింటికి వ్యాను దిగకండి. ఆ వేళకు ఆడవాళ్లు చేలో ఉంటారు. మీరొస్తున్నారని ఆగిపోతే కూలి పోతుంది. మీ కానుక వెల ఆమె ముందే కట్టేసినట్టు. సాయంత్రం వెళ్లండి, ఇంటికి ఇద్దరు చొప్పున. పిలిస్తేనే లోపలికి, లేకపోతే అరుగు మీదే కూర్చోండి. బైబిల్లో ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10, 11 వచనాలు తీసి చదువుకో. అప్పిచ్చినవాడు కూడా తాకట్టు వస్తువు కోసం ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి, ఇంటివాడే తెచ్చి ఇవ్వాలి అని ఉంటుంది. అప్పిచ్చినవాడికే అంత కట్టుబాటు ఉంటే, ఉచితంగా ఇచ్చే మనం వాళ్ల వంటగదిలో డబ్బాల మూతలు తీసి చూడొచ్చా? చూసేవాళ్లు ఉన్నారు గనకే చెబుతున్నాను.

అమ్మగారూ, మాది చిన్న పరిచర్య. పేద పిల్లల ఫీజులకు, బియ్యానికి దాతలు డబ్బు పంపుతారు. ప్రతిసారీ పిల్లలు వస్తువు పట్టుకుని నిలబడ్డ ఫొటోలు కావాలంటారు. మీరేమో పోయినసారి ఫొటోలు వద్దని రాశారు. ఫొటో లేకపోతే లెక్క నమ్మరు. మా కష్టం కూడా ఆలోచించండి. (కోశాధికారి, పల్నాడు జిల్లా)

మీ కష్టం తెలుసు బాబూ. కానీ లెక్కకు రుజువు బిల్లు. పిల్లవాడి మొహం రుజువు ఎలా అవుతుంది?

మా బోర్డింగుకు అతిథులు వస్తున్నారంటే ముందురోజే తలంట్లు. ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టేవాళ్లు, నేను పొట్టిదాన్ని కాబట్టి ఎప్పుడూ ముందే. ఒక గుంపు పెట్టె నిండా బొమ్మలు తెచ్చింది. నా చేతికి నీలం గౌను బొమ్మ వచ్చింది, పడుకోబెడితే కళ్లు మూసుకునేది. ఫొటోలయ్యాయి, పాటలయ్యాయి, వాళ్ల కారు గేటు దాటింది. వార్డెనమ్మ వచ్చి బొమ్మలన్నీ లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేసింది. తర్వాతి గుంపు వచ్చినప్పుడు అవే బొమ్మలు మళ్లీ బయటికొచ్చాయి. నాది మరో పిల్ల చేతికి పోయింది. ఆ దాతల ఇంట్లో ఏదో ఆల్బంలో నేను ఇప్పటికీ ఆ బొమ్మ పట్టుకుని నవ్వుతూనే ఉంటాను. ఫొటో ఉంది, లెక్క మాత్రం అబద్ధం. కాబట్టి ఫొటో చూపిస్తే నమ్మకం కుదురుతుందని నాకు చెప్పకండి.

చట్టం సంగతి కూడా వినండి. సంరక్షణ అవసరమైన పిల్లలు, అంటే హోముల్లో ఉండే అనాథలు, విడిచిపెట్టబడినవాళ్లు వగైరా, వాళ్ల పేరు, ఊరు, బడి, ఫొటో, గుర్తుపట్టే వివరం ఏదీ పత్రికలోగానీ ఇతర మాధ్యమాల్లోగానీ వేయకూడదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఆరు నెలల వరకూ జైలు, రెండు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. మీ సంఘ పత్రిక పత్రికే, మీ ఫేస్‌బుక్ పేజీ మాధ్యమమే.

మనలో చాలామంది పైకి అనని ఇంకో మాట ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును తర్వాత సవరిస్తూ వచ్చిన ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవారికే ఎస్సీ హోదా. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను మన దగ్గర వెనుకబడిన తరగతుల్లో ఒక విభాగమైన బీసీ-సి కింద లెక్కిస్తారు. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, నా అభిప్రాయం నాకుంది, ఇప్పుడది కాదు విషయం. పల్లెలో ఒక తల్లి ప్రార్థనకు వచ్చి చివర్న కూర్చుంటుంది. ఆమె కొడుకు హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఎస్సీ సర్టిఫికెట్టు మీద నడుస్తున్నాయి. తన విశ్వాసం గురించి ఎవరికి, ఎప్పుడు, ఏం చెప్పుకోవాలో ఆమె తేల్చుకుంటుంది. ఆమె మొహానికి “రక్షింపబడిన కుటుంబం” అని కింద రాసి లోకానికి పంపే అధికారం మీకెవరిచ్చారు?

దాతలకు ఏం పంపాలంటారా? కొట్టు బిల్లు, హెడ్మాస్టరు సంతకంతో అందిన వస్తువుల పట్టిక, కొత్తగా రేకులు వేసిన కప్పు ఫొటో, బాగుచేసిన బోరింగు ఫొటో. వాటితో ఒక ఉత్తరం: మా నియమం ఇది, ఎందుకంటే ఇది, అని. ఇద్దరు ముగ్గురు మానేస్తారు. మిగిలినవాళ్లు మీ మాట మీద నమ్మకంతో నిలబడతారు.

అమ్మా, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు విశ్వాసి. పుస్తకాలు పంచాక పది నిమిషాలు వాక్యం చెప్పి ప్రార్థన చేసుకోండి, నేను చూసుకుంటాను అన్నారు. ద్వారం తెరుచుకుందని మా పాస్టరుగారు సంతోషిస్తున్నారు. వెళ్లొచ్చా? (సువార్తికుడు, బాపట్ల జిల్లా)

వెళ్లకూడదు. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే బడిలో మతబోధ ఉండరాదని రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజే చెబుతోంది. ప్రభుత్వ సాయం పొందే మిషన్ బడుల్లో కూడా ప్రార్థనకు పిల్లవాడు తప్పనిసరిగా కూర్చోవాలనడానికి లేదు, తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. అది మూడో క్లాజు. “నేను చూసుకుంటాను” అన్న ఆ పెద్దమనిషి ఉద్యోగానికి రేపు ముప్పొస్తే మీరు చూసుకుంటారా?

నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు మా సంఘంవాళ్లే వచ్చి అడిగారు. వద్దన్నాను. ఒక ఏడాది అంతా మొహం ముడుచుకున్నారు. తర్వాత ఇంకో మతంవాళ్లు తాయత్తులూ పుస్తకాలూ పట్టుకొచ్చి అదే అడిగినప్పుడు, అదే మాట అదే గొంతుతో చెప్పగలిగాను. ముందువాళ్లకు ఔనని ఉంటే నా నోరు లేచేది కాదు. క్లాసులో తలుపు దగ్గర కూర్చున్న పిల్లవాడికి లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ లేదు, అది మర్చిపోకండి. సండేస్కూలు పెట్టుకోండి, తల్లిదండ్రులకు చెప్పి, మందిరంలో. వచ్చేవాళ్లు వస్తారు.

టీచరమ్మగారూ, నా భర్త చనిపోయాక ఎనిమిదో తరగతి చదివే నా కూతుర్ని ఒక మిషన్ హాస్టల్లో చేర్చాను. అన్నం బాగానే పెడతారు, చదువూ బాగానే ఉంది. కానీ బయటినుంచి ఎవరైనా వస్తే నా బిడ్డను లేపి సాక్ష్యం చెప్పమంటారంట. నాన్న తాగేవాడని, అమ్మను కొట్టేవాడని, అప్పులతో పోయాడని అందరి ముందూ చెప్పాలి. పోయిన సెలవులకు ఇంటికొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. వద్దంటే సీటు తీసేస్తారేమోనని భయం. (పేరు వేయొద్దు)

అమ్మా, పేరు వేయను, ఊరూ వేయను. నీ ఉత్తరం మా ఇంట్లో చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం.

నీ బిడ్డ తప్పేమీ చేయలేదు, ఏడ్చినందుకు కృతఘ్నురాలూ కాదు. ఆ కథ ఆమెది, నీది. ఇంకెవరి సభకూ అది ముడిసరుకు కాదు. పదమూడేళ్ల పిల్ల తండ్రిని తిట్టి అన్నం సంపాదించుకోవాల్సి వస్తే, ఆ అన్నం ఉచితం అని ఎవరూ అనకూడదు. తండ్రి ఎలాంటివాడైనా, ఆదివారం పూట మిఠాయి తెచ్చిన రోజు కూడా ఒకటి ఆ పిల్లకు గుర్తుండే ఉంటుంది. ఆ సంగతి చెప్పమని ఎవరూ అడగరు కదా.

ఇప్పుడు చేయాల్సింది. సంక్రాంతి సెలవులకు బిడ్డను తెచ్చుకునేటప్పుడు, ఒంటరిగా వద్దు, మీ పాస్టరమ్మగారినో, నీ అన్ననో వెంటబెట్టుకుని వార్డెన్‌ను కలువు. గొడవ పడొద్దు. ఈ మాటలే అను: “అమ్మా, మీరు చేస్తున్న మేలు మర్చిపోను. కానీ మా ఇంటి సంగతులు నా కూతురు సభలో చెప్పడం నాకిష్టం లేదు. వాక్యం చెప్పమంటే చెబుతుంది, పాట పాడమంటే ఇష్టముంటే పాడుతుంది. నాన్న గురించి అడగొద్దు.” ఇవే మాటలు కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇవ్వు. ఒక నకలు నీ దగ్గర ఉంచుకో. నోటిమాట మర్చిపోతారు, కాగితం ఫైల్లో ఉంటుంది. చాలాచోట్ల ఇంతటితోనే ఆగిపోతుంది. చెడ్డవాళ్లని కాదు, ఎవరూ వద్దనలేదు గనక అలవాటైపోయింది.

సీటు తీసేస్తామంటే 1098కి ఫోన్ చెయ్యి, పిల్లల సహాయవాణి, డబ్బులు పడవు. జిల్లా బాలల సంరక్షణ విభాగానికి కూడా చెప్పొచ్చు. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి, వసతి, చదువు ప్రభుత్వానివే. తండ్రి లేని పిల్లలకు ప్రాధాన్యం ఉంటుంది. మీ మండలంలో సీటుందేమో ఇప్పుడే కనుక్కో. చేర్చకపోయినా ఫరవాలేదు. ఇంకో చోటు ఉందని తెలిస్తే నీ గొంతు వణకదు.

హాస్టళ్లు నడిపేవాళ్లు ఈ పత్రిక చదువుతారని నాకు తెలుసు. మీ అతిథులకు పిల్లలు ఏదో ఒకటి చూపించాలనుకుంటే లెక్కల పుస్తకం చూపించమనండి. తోటలో వాళ్లు వేసిన బెండమొక్కలు చూపించమనండి. ఏడిస్తేనే చెక్కు రాసే దాతకు ఇంకో చోటు చూసుకోమని చెప్పండి.

మా ఆఫీసులో ఒకాయన “మీవాళ్లు బియ్యం ఇచ్చి మతం మారుస్తారు, ఎప్పుడూ అంతే” అంటారు. కోపం వస్తుంది గానీ జవాబు తోచదు. (ఉద్యోగి, ఒంగోలు)

అలా చేసినవాళ్లు ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అది ముందు ఒప్పుకోండి, తర్వాత మాట్లాడితే ఆయన వింటాడు. ఒంగోలువారే అడిగారు గనక మీ ఊరి కథే చెబుతాను.

1876–78 కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉన్నాడు. ప్రభుత్వం కరువు పని కింద తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తవ్వినవాళ్లకు కూలి ఇచ్చాడు. ఆకలితో వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా బాప్తిస్మం అడిగారు. ఆయన పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని. కరువు సాయం ముగిశాకే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ తర్వాత కూడా అన్నవాళ్లు అన్నారనుకోండి. ఆ విశ్వాసం ఊళ్లలో పాకింది దొర ఒక్కడి వల్లా కాదు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు తమ చుట్టాల ఇళ్లలో కూర్చుని చెప్పిన మాటలు అవి.

ఇంకొకటి. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయినాయన, అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో దొరల ముందు నిలబడి అన్నాడు: మీరు బీదల కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులనివ్వండి అని. ఇప్పుడు దొరలు లేరు. ఏసీ కారులో పల్లెకు వెళ్లే టౌనువాళ్లం మనమే. ఆ మాట ఇప్పుడు మనకే తగులుతుంది. మీ ఆఫీసు స్నేహితుణ్ని ఒకసారి మీ సంఘం పరిచర్యకు వెంట తీసుకెళ్లండి. దాచుకునేదేమీ లేకపోతే భయమెందుకు?

పేద ఇళ్లకు వెళ్తే టీ పెడతామంటారు. వాళ్లకు భారం కదా, వద్దనడం మంచిదా? (స్త్రీల సమాజం సభ్యురాలు, గుంటూరు)

తాగండి వదినా. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. పాలు అరువు తెచ్చారని తెలిసినా సరే, తాగి, బాగుందని చెప్పండి. మీ ఫ్లాస్కు మాత్రం బ్యాగులోంచి తీయకండి.

తిరిగొచ్చేటప్పుడు పిల్లలు చెయ్యి పట్టుకుని “మళ్లీ ఎప్పుడొస్తారు?” అంటారు. త్వరలో వస్తాం అని చెబుతుంటాం, మళ్లీ ఏడాదికి గానీ కుదరదు. (వీబీఎస్ అంటే సెలవుల బైబిలు బడి టీచరు, నెల్లూరు)

త్వరలో అనకమ్మా. ఏడాదికైతే ఏడాదికనే చెప్పు, రామంటే రామనే చెప్పు. పిల్లలు ఆ మాటను నీకంటే ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంటారు. ఒకవేళ రాగలిగితే బడులు తెరిచే జూన్ రెండో వారంలో రండి. పై తరగతికి పక్క ఊరి హైస్కూలుకు వెళ్లాల్సిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆగిపోయేది ఆ పది రోజుల్లోనే. టీసీ తీసుకోవడానికి ఎవరూ వెళ్లరు, ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఒకలా ఉంటుంది, బస్సు పాసు ఎక్కడిస్తారో తెలియదు. ఒక్క మనిషి రెండు రోజులు తిరిగితే తేలిపోయే పనులు. మీ టీములో ఎవరు సెలవు పెట్టగలరో ముందు తేల్చుకోండి. ఆ తర్వాతే పిల్లలకు తేదీ చెప్పండి.